వెండి నల్లబడలేదు

బళ్లారి జిల్లా దేశనూరులో ఓబులమ్మ ఎలాంటిదని ఎవరినడిగినా మొదట వచ్చే మాట “మొండిది” అని. రెండో మాట చెప్పే ముందు ఆ మనిషి ఒకసారి వెనక్కి తిరిగి, ఆమె చుట్టుపక్కల ఎక్కడా లేదు కదా అని చూసుకుంటాడు. అరవై మూడేళ్ల మనిషి, బక్కపలచగా ఉంటుంది, గొంతు మాత్రం కాలవకు అవతలి గట్టు మీద వాళ్లను కూడా ఇవతలికి లాక్కొస్తుంది.

పుట్టింది హచ్చొళ్ళిలో. ఐదో తరగతి దాకా కన్నడ బడిలో చదివింది కాబట్టి మాట్లాడేది తెలుగే అయినా సంతకం కన్నడంలో పెడుతుంది. పదిహేడో ఏట రామసుబ్బారెడ్డిని చేసుకుని దేశనూరు కాపురానికి వచ్చింది. వచ్చిన మొదటి వానాకాలంలోనే అత్తతో తగువు పెట్టుకుంది. దేని గురించనుకున్నారు? నగల గురించి కాదు, వేరు కాపురం గురించీ కాదు. పుట్టగొడుగుల గురించి.

“కుక్క కాలెత్తిన చోట మొలిచేది నా ఇంట్లో వండేది లేదు” అంది అత్త.

“సరే అత్తా, ఇంట్లో వండను” అని, కొత్త కోడలు పెరట్లో మూడు రాళ్లు పేర్చి అక్కడ వండింది. వాసన పట్టి అత్త రెండుసార్లు పెరట్లోకి వచ్చి కసిరి పోయింది. మూడోసారి గిన్నె పట్టుకుని వచ్చింది. రామసుబ్బారెడ్డి మాత్రం ఈ నలభై ఏడేళ్లలో ఒక్క ముక్క ముట్టుకున్న పాపాన పోలేదు. “గొడుగు నెత్తి మీద ఉంటే సాలు, కడుపులోకి వద్దు” అంటాడు.

అప్పటినుంచి ఉరుములతో గట్టి వాన పడిందంటే, మర్నాడు పొద్దున్నే ఊళ్లో ఆడవాళ్లు బుట్టలెత్తుకుని ఓబులమ్మ గడప ముందుకు వచ్చేవాళ్లు. ఏది తినొచ్చో ఏది కుక్కగొడుగో ఆమె చెప్పాలి. ఆమె చెప్పిందంటే అయిపోయినట్టే. ఒకవేళ చూపుకు తేలకపోతే దానికీ ఒక ఉపాయం ఉంది. తల్లి ఇచ్చిన వెండి కడియం తీసి, పసుపు నీళ్లలో పుట్టగొడుగులతో పాటు ఉడకబెట్టేది. వెండి నల్లబడితే విషం, తెల్లగా ఉంటే తినొచ్చు. నలభై ఆరేళ్లలో ఒక్కరికీ కడుపునొప్పి కూడా రాలేదు. ఇంత పేరు వచ్చాక ఆ కడియాన్ని అనుమానించే తీరిక ఎవరికుంటుంది చెప్పండి?

నిజానికి ఆ పేరు కడియానిది కాదు, చెదపుట్టలది. పూర్వం ఊరికి ఎగువన మెట్టచేలుండేవి. ఏటా అవే పుట్టలు, అవే పుట్టగొడుగులు. తాతల కాలంనుంచి తింటున్నవే మళ్లీ తినేవాళ్లు. కడియం వేసినా, వెయ్యకపోయినా ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడు ఆ మెట్టచేలు లేవు. జేసీబీలు పెట్టి చదును చేసి, కాలవనీళ్లు పారించి, ఊరంచు దాకా వరి పెట్టారు. పుట్టలు పోయాయి, పుట్టగొడుగుల మీద ఆశ పోలేదు. వాన పడగానే జనం వాటిని కాలవ గట్ల మీద, ఎరువు కుప్పల పక్కన వెతకడం మొదలుపెట్టారు. ఈ సంగతి ఓబులమ్మకూ తట్టలేదు, ఊరికీ తట్టలేదు.

పోయిన ఏడు నాట్లు ముగిసిన రోజు జరిగింది అసలు సంగతి.

నాట్లు ముగిసిన రోజున నాటిన ఆడవాళ్లకు కోడికూరతో భోజనం పెట్టడం ఓబులమ్మ ఇంటి ఆనవాయితీ. పోయినేడు ఆ రోజు సరిగ్గా శ్రావణ సోమవారం అయి కూర్చుంది. కోడిని కోసేందుకు లేదు. ఆరుగురు ఆడవాళ్లు నెల రోజులు బురదలో నడుం వంచి నాటితే, చివరి రోజు పప్పుతో సరిపెడితే ఓబులమ్మ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? ఏం చెయ్యాలా అని ఆలోచిస్తుంటే మిగతా అయిదుగురినీ వెంటేసుకుని రంజిత వచ్చింది. నాట్ల మేస్త్రి ఆంజినప్ప పెళ్లాం ఆమె, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. చీర కొంగు నిండా తెల్లటి పుట్టగొడుగులు తెచ్చింది.

“చూడమ్మా, ఎంతెంత లావు ఉండాయో! కాలవ గట్టు మీద, కోళ్ల ఎరువు దింపినారు సూడు, ఆడ మొలిచినాయి.”

ఓబులమ్మ ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. అరచెయ్యంత గొడుగు, పైన గోధుమ రంగు పొట్టు, కాడకు మెడలో పట్టీ వేసినట్టు ఒక వలయం. పుట్ట మీదవాటికి కాడ కింద మూరెడు వేరు ఉంటుంది, మట్టిలోకి దిగిపోయి. వీటికి అది లేదు. ఆమె మనసులో ఏదో కలుక్కుమంది. ఇవి అవి కావేమో అనిపించింది. కానీ ఆరుగురు ఆడవాళ్లూ ఎదురుగా నిలబడి ఆమె నోటి వంకే చూస్తున్నారు. తెలియదు అనే మాట ఆ నోటికి ఏనాడూ అలవాటు లేదు.

“కడియం ఏసి చూస్తా. వెండే చెప్తాది” అంది.

వెండి నల్లబడలేదు. ఓబులమ్మ మసాలా నూరి, పుల్లగా పులుసు పెట్టింది. ఆరోజు ఆమెకు ఒక్కపొద్దు కాబట్టి ఉప్పు చూడలేదు. పొద్దుగూకాక తిందామని ఒక గిన్నెలో తనకంటూ కాస్త తీసి మూత పెట్టుకుంది. ఆంజినప్ప గడ్డపారలు, తాళ్లు సర్దుకుని వచ్చేసరికి ఆడవాళ్లు జొన్నరొట్టెతో కుండ గీరేశారు. అందరికన్నా ఎక్కువ తిన్నది రంజితే. తెచ్చింది తనే కదా అని ఓబులమ్మ ఆమెకు రెండుసార్లు వడ్డించింది.

మూడు గంటలకల్లా ఆంజినప్ప రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. “రెడ్డీ! ఆడోళ్లంతా వాంతులు చేసుకుంటాండారు. మా ఇంటిది లేసేకి కూడా అయితాలేదు.”

రామసుబ్బారెడ్డి తమ్ముడి కొడుకు చక్రధర్‌కు లారీలున్నాయి, ఒక జీపూ ఉంది. ఎరువు దింపింది కూడా అతని లారీయే. రాబోయే పంచాయతీ ఎన్నికల్లో నిలబడాలని తిరుగుతున్నాడు. ఆరుగురినీ, ఆంజినప్పనూ జీపులో ఎక్కించి తాలూకా ఆసుపత్రికి బయల్దేరాడు. ఓబులమ్మ కూడా ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“నువ్వు ఏంటికి పెద్దమ్మా? ఇంట్లోనే ఉండు. నేను చూసుకుంటా.”

ఆ ‘చూసుకుంటా’ అనడంలో ఏముందో ఓబులమ్మకు అర్థమైంది. ఈ నలభై ఏళ్ల వాణ్ని చిన్నప్పుడు ఉయ్యాలలో ఊపింది ఆమె. జీపు మలుపు తిరగగానే వంటింట్లోకి పోయింది. మూత పెట్టిన గిన్నె తీసుకుంది. పెంటదిబ్బ దగ్గరకు పోయి, తరుగుతూ పారేసిన కాడలు, పురుగు కొరికిందని వదిలేసిన రెండు పచ్చి గొడుగులు ఏరి కాగితంలో చుట్టింది.

“యాడికే?” అన్నాడు రామసుబ్బారెడ్డి.

“నేను పెట్టింది ఏందో సూపించేకి పోతాండా.”

“చక్రి పొయినాడు గదా.”

“వాడు పొయినాడనే పోతాండా.”

దారిన పోయే షేర్ ఆటో ఆపి ఎక్కింది. ఒళ్లో గిన్నె, చేతిలో కాగితం పొట్లం. ఆటోలో పాట మోగుతోంది, పక్కనామె కోడలి మీద ఏదో చెబుతోంది. ఓబులమ్మకు ఒక్క ముక్క వినిపించలేదు. చెప్పకేం, సిగ్గుతో చచ్చిపోతోంది. ఆ వేరు లేని కాడే కళ్ల ముందు కనిపిస్తోంది. అనుమానం వచ్చింది కదా, వచ్చింది కదా అని తనను తానే తిట్టుకుంది. రంజితకు ఏమైనా అయితే ఆంజినప్ప మొహం ఎలా చూడాలి? ఆ పిల్లకు నాలుగేళ్ల కూతురుంది.

ఆసుపత్రిలో అడుగు పెట్టేసరికి ఆరుగురికీ సెలైన్లు ఎక్కుతున్నాయి. రంజిత గోడ వైపు మంచం మీద కళ్లు తేలేసి ఉంది. డాక్టరమ్మ అనుష, చిన్న వయసు మనిషి, చీటీ మీద రాసుకుంటూ అడుగుతోంది.

“సరిగ్గా చెప్పండి. మధ్యాహ్నం ఏం తిన్నారు?”

“రాత్రి మిగిలిన సద్దన్నం మేడం” అన్నాడు చక్రధర్. “వీళ్లకు ఎన్నిసార్లు చెప్పినా అంతే. పాచిపోయింది గూడా పారెయ్యరు.”

ఆంజినప్ప పక్కనే చేతులు కట్టుకుని తలవంచుకుని నిలబడ్డాడు. తన పెళ్లాం ఏం తిన్నదో అతనికి తెలుసు. వచ్చే కారు నాట్లు ఎవరి పొలంలో వెయ్యాలో కూడా తెలుసు.

“ఎవురింటి సద్దన్నంరా అది?”

ఆ గొంతుకు వార్డులో అందరూ తిరిగి చూశారు. చక్రధర్ గబగబా ఎదురొచ్చాడు. “పెద్దమ్మా, నువ్వు సుమ్నె ఉండు, నోరెత్తొద్దు. నేను మాట్లాడతాండా గదా.”

“నువ్వు మాట్లాడతాండావు గాబట్టే నేను వచ్చినా. జరుగు.”

గిన్నె తీసుకుపోయి డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది. పక్కన కాగితం విప్పింది.

“వీళ్లు సద్దన్నం తినలేదు తల్లీ. నా ఇంట్లో ఊట చేసినారు, జొన్నరొట్టె తిన్నారు. పుట్టగొడుగుల పులుసు. వండింది నేను, వడ్డించింది నేను. ఇగో, పచ్చివి ఇవి. పన్నెండున్నరకు తిన్నారు. ఆ గోడకాడ ఉండే పిల్ల అందరికన్నా ఎక్కువ తినింది, నేనే మారు వడ్డించినా.”

డాక్టరమ్మ కలం ఆగిపోయింది. “అణబెనా! పుట్టగొడుగులా!” అంటూ లేచింది. “మీరు తిన్నారా?”

“నాకు ఒక్కపొద్దు. కడియం ఏసి చూసినా తల్లీ, వెండి నల్లబడలే.”

“అమ్మా, వెండికి విషం తెలీదు. మంచి కూరలో వెల్లుల్లి ఎక్కువైనా నల్లబడతాది, ప్రాణం తీసే అణబెతో ఉడికినా తెల్లగానే ఉంటాది. ఇది ఏ జాతిదో నేను చూసి చెప్పలేను. కొన్ని వాంతులతో వదిలిపెడతాయి. కొన్ని ఒక దినం తగ్గినట్టు చేసి, ఆమీద కాలేయాన్ని తింటాయి. సద్దన్నమే అనుకుని, వాంతులు నిలిస్తే ఇంటికి పంపిద్దామనుకుంటిని.” చెబుతూనే నర్సును కేకేసింది. “ఈ అమ్మాయికి బీపీ పడిపోతాంది. బళ్లారికి పంపాల. మిగతావాళ్లను ఎవరినీ వదలొద్దు, అందరికీ రక్తపరీక్షలు చేయాల.”

అంబులెన్సు వచ్చే లోపల చక్రధర్ పెద్దమ్మను వరండాలోకి లాక్కుపోయాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

“ఏం పని చేస్తివి? ఇంగ ఇది పోలీసు కేసు అయితాది. రెడ్డోళ్ల ఇంట్లో కూలోళ్లకు విషం పెట్టినారని రేపు పేపర్లో వస్తాది. నా సీటు ఏం కావాల? మన ఇంటి మర్యాద ఏం కావాల?”

“నీ సీటు కింద ఆ పిల్లను పరుచుకుని కూచుంటావేమిరా?” అంది ఓబులమ్మ. “మర్యాదా మన ఇంటిదే, విషమూ మన ఇంటిదే. మర్యాద పెట్టెలో పెట్టుకొని విషం వాళ్ల కుండలోకి తోసేది ఏం న్యాయం? వాళ్ల సద్దన్నం మీదికి నెడతావా? సిగ్గు లేదూ?”

“నేను నీ మంచికే...”

“నా మంచి నాకు తెలుసు, పో.”

అంబులెన్సులో రంజిత పక్కన ఆంజినప్ప ఎక్కాడు. ఓబులమ్మ కూడా ఎక్కింది. ఎవరూ రమ్మనలేదు, వద్దంటే దిగే మనిషీ కాదు.

మర్నాడు పొద్దున బళ్లారి ఆసుపత్రి వార్డు బయట పోలీసాయన వచ్చి వాంగ్మూలం రాసుకున్నాడు. మంచివాడే, పెద్దావిడ కదా అని సాయం చెయ్యబోయాడు. తెలియక జరిగిందని కన్నడంలో రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టమన్నాడు.

“ఒక మాట తక్కువైంది సార్” అంది ఓబులమ్మ. “కాడకు వేరు లేదని నాకు అనుమానం వచ్చింది. అయినా వండినా. అది రాయి.”

“అదెల్ల బేడమ్మా, వద్దు. ఎందుకు నీ మీదికి తెచ్చుకుంటావు?”

“నా మీద ఉండేదే నేను తెచ్చుకుంటాండా. రాయి.”

ఆయన ఆంజినప్ప వైపు చూశాడు. ఆంజినప్ప నేల చూశాడు. రాయక తప్పలేదు. ఆమె మళ్లీ చదివించుకుని, ఆ మాట ఉందని వేలు పెట్టి చూసుకుని, కన్నడంలో పొడుగ్గా సంతకం చేసింది.

మిగతా అయిదుగురూ రెండు రోజుల్లో తేరుకున్నారు. రంజితకు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి, మూత్రపిండాలు మొండికేశాయి. మూడు రోజులు ఏ మాటా చెప్పలేమన్నారు. ఆ మూడు రోజులూ ఓబులమ్మ వార్డు బయట చాప పరుచుకుని కూర్చుంది. తినమంటే తినలేదు, ఇంటికి పొమ్మంటే పోలేదు. ఆంజినప్ప ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం అనుకుంది. మూడో రోజు సాయంత్రం రామసుబ్బారెడ్డి బస్సు దిగి, గుడ్డలో కట్టిన రొట్టెలు తెచ్చాడు. ఊళ్లో చక్రధర్ ఏమంటున్నాడో, అన్నదమ్ముల మధ్య ఎంత రభస అయిందో ఒక్క మాట చెప్పలేదు. చాప మీద పక్కన కూలబడి, “మొండిదానా, తిను” అన్నాడు. అప్పుడు ఏడ్చింది ఓబులమ్మ. నలభై ఆరేళ్లలో ఆమె ఏడవడం ఆయన చూసింది అదే మొదలు.

ఆరో రోజు రంజిత లేచి కూర్చుని గంజి తాగింది. కావాలని చేసింది కాదని ఆంజినప్ప రాసిచ్చాడు, కేసు నిలబడలేదు. చక్రధర్ మాత్రం పెద్దమ్మ గడప తొక్కడం మానేశాడు. ఎన్నికల్లో ఓడిపోయాడు కూడా. పుట్టగొడుగుల వల్లనే ఓడిపోయానని ఇప్పటికీ అంటుంటాడు, అది వేరే సంగతి.

ఇంతటితో ఓబులమ్మ పేరు పోవాలి కదా? ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఊరి బుద్ధి తిక్కది. పోయింది పోగా, ఆ పేరు రెట్టింపై తిరిగొచ్చింది. సొంత మనిషిని కాదని, పోలీసుల ముందు తన తప్పు తానే రాయించుకున్న మనిషి అని అందరూ చెప్పుకున్నారు. ఓబులమ్మ నోట అబద్ధం రాదు, ఆమె సరేనంటే విషం కూడా తినొచ్చు అనేదాకా వచ్చింది.

ఈ ఏడు ఉరుముల వాన పడిన మర్నాడు గడప ముందు మళ్లీ బుట్టలు దిగాయి. ముగ్గురు ఆడవాళ్లు. అందరికన్నా ముందు రంజిత నిలబడి ఉంది.

ఓబులమ్మ గడప దిగి ముందుకొచ్చింది. “నీకు బుద్ధి లేదేమే? సచ్చి బతికినావు!”

“ఇవి ఎరువు కుప్పవి కాదమ్మా. శ్మశానం కాడ ఒక పుట్ట మిగిలింది సూడు, దాని మీదివి. తవ్వి తెచ్చినా, వేరు గూడా ఉండాది.” రంజిత ఒకటి పైకెత్తి చూపించింది. కాడ కింద మూరెడు వేరు వేలాడుతోంది. “నువ్వు పోలీసోని ముందర గూడా అబద్ధం చెప్పలే. నువ్వు సరే అంటే నేను కండ్లు మూసుకొని తింటా.”

ఓబులమ్మ బుట్ట మీదికి వంగింది. వాసన తగిలింది. తొలకరి మట్టి వాసన, పెరట్లో మూడు రాళ్ల పొయ్యి నాటి వాసన. నోట్లో నీళ్లూరాయి. అవి మంచివే. నలభై ఏడేళ్ల కన్ను మంచివే అని చెబుతోంది. పోయినేడు కూడా ఇదే కన్ను కదా చూసింది. ఈరోజు సరే అంటే రేపు ఇంకో బుట్ట వస్తుంది, ఎల్లుండి మరొకటి. చూసేవాళ్లు వేరును చూడరు, రంగును చూడరు, తన మొహాన్ని చూస్తారు. కండ్లు మూసుకుని తింటారు.

“నాకు తెలీదు” అంది.

ఆ మాట అబద్ధమనుకునే నోరు తెరిచింది. అన్నాక చూసుకుంటే నిజమే.

“నీకు తెలీకపోతే ఇంగెవురికి తెలుసు?” అంది రంజిత నవ్వుతూ.

“ఎవురికీ తెలీదు. నాకూ తెలీదు. ఈ ఊర్లో పుట్టగొడుగులు తెలిసినోళ్లు ఎవురూ లేరు. బజార్లో పాకెట్లు అమ్ముతారు, ఆశ పుడితే కొనుక్కొని తినండి.”

“ఊరికే బిగువు పోతాండావు. మంచివే ఇవి, నీ మొగం చూస్తేనే తెలుస్తాంది.”

ఓబులమ్మ రంజిత చేతిలోంచి బుట్ట లాక్కుంది. విసవిసా పెంటదిబ్బ దగ్గరకు నడిచి బోర్లించింది. మిగతా రెండు బుట్టలూ అంతే. పేడలో పడ్డ వాటిని ఉత్త కాళ్లతో తొక్కింది. ఒక్క గొడుగు కూడా ఏరుకునేందుకు పనికి రాకుండా చీలమండల దాకా పేడ అంటుకునేలా తొక్కింది.

రంజిత గొంతెత్తి అందుకుంది. “నీకేం పొయ్యే కాలం వచ్చిందమ్మా! తెల్లారకముందే లేసి, ముండ్లల్లో పడి తవ్వి తెస్తే దిబ్బలో తొక్కుతావా? పోయినేడు తినగూడనిది తినిపిస్తివి, ఈ ఏడు తినేది గూడా తిననియ్యవా? రెడ్డెమ్మవని ఊరుకుంటా అనుకుంటివేమో!”

“ఊరుకోవద్దు. తిట్టు” అంది ఓబులమ్మ, దిబ్బ మీదనే నడుం మీద చేతులు పెట్టుకుని. “బాగా తిట్టు. రేపు గూడా వచ్చి తిట్టు. తిట్టేకైనా బతికుండాల గదా.”

రంజిత తిట్టింది. ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని, ఎదురైన వాళ్లందరికీ చెప్పుకుంటూ, ఓబులమ్మ ఏడు తరాలను పేరు పేరునా పలకరిస్తూ వీధి పొడుగునా పోయింది. ఓబులమ్మ కాళ్లు కడుక్కోవడానికి కూడా దిగకుండా, ఆ గొంతు ఊరి చివర దాకా పోయేవరకు వింటూ అక్కడే నిలబడింది.